మూడు నమస్కారాల ల్యాండ్‌మాస్టర్

మొన్న మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు వెనక వరండాలో బట్టలారేసే కడ్డీ దగ్గర ఆగిపోయాడు. దాన్ని కొక్కేల మీంచి ఎత్తి, బరువుకి ఆశ్చర్యపోయి, మళ్లీ కొక్కేలకే తగిలించి నా వంక చూశాడు. "గిదేం దండెం అమ్మా, బట్టలకు గింత లావు రాడెందుకు? తీసేస్తే గోడ సాఫ్ వస్తది, ప్లాస్టిక్ తాడు కట్టుకుందురు" అన్నాడు. తీయొద్దు, దాని చుట్టూ వేసుకుపొమ్మన్నాను. అతను నన్ను చూసిన చూపులో 'పెద్దావిడకి కాస్త చాదస్తం' అన్న సంగతి స్పష్టంగానే కనిపించింది. కాదనను. కానీ ఆ కడ్డీ పుట్టింది బట్టల కోసం కాదు. ఈ ఇంటికి అది నాకంటే ముందొచ్చింది. ఒక కారు కింద పడుకుని, మద్రాసు నుంచి వచ్చింది.

నేను పెళ్లై ఈ ఇంట్లో అడుగుపెట్టింది ఎనభైల మొదట్లో. మాది తణుకు వైపు, కాలవ గట్టు కంటే ఎత్తైనదేదీ ఎరగని పల్లె. అలాంటి నన్ను తీసుకొచ్చి ఈ గుట్టల మీద పెట్టారు. ఇప్పుడు జూబ్లీ హిల్స్ అంటే జనం కళ్లు పెద్దవి చేస్తారు గానీ, అప్పట్లో ఆ పేరు చెబితే ఆటోవాళ్లు ముఖం తిప్పుకునేవాళ్లు. బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడొక ఇల్లు ఇక్కడొక ఇల్లు. పాలు యూసుఫ్‌గూడ నుంచి రావాలి, నీళ్లు ట్యాంకరులో రావాలి. పాములకి మాత్రం ఎవరూ కబురు పెట్టనక్కర్లేదు, వాటంతటవే వచ్చేవి. మా మామగారు మద్రాసులో సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ మేనేజరుగా జీవితమంతా పనిచేసిన మనిషి. ఏ హీరోకి ఏ హోటలు ఇడ్లీ కావాలో, ఏ కెమెరామన్‌కి ఏ వేళకి కాఫీ అందకపోతే ఎండ సరిగ్గా లేదంటాడో ఆయనకి కంఠతా వచ్చు. పరిశ్రమ కొంచెం కొంచెంగా హైదరాబాదుకి తరలివస్తుంటే ఆయనా తరలివచ్చి, ఇక్కడ ఇల్లు కట్టుకుని, కాస్త ఆలస్యంగా ఒక సంగతి తెలుసుకున్నారు. పరిశ్రమతో పాటు కొత్త మేనేజర్లు కూడా తయారయ్యారని.

ఆయనతో వచ్చిన ఆస్తుల్లో మొదటిది మా అత్తగారు, రెండోది ల్యాండ్‌మాస్టర్ కారు. ఈ వరస మా అత్తగారు చెప్పేది; మామగారిని అడిగితే ఏం చెప్పేవారో తెలియదు. ఈ కాలం వాళ్లకి చెప్పాలంటే ఆ కారు అంబాసిడర్‌కి అక్క. అక్కగారు కాబట్టి ఒళ్లు కాస్త భారీ, నడక కాస్త నెమ్మది, చెప్పిన మాట వినే అలవాటు తక్కువ. మలుపు తిరగాలంటే చాలా ముందుగా అర్జీ పెట్టుకోవాలి. మద్రాసులో ఎన్ని సినిమాలకో దాని బానెట్ మీద కెమెరా కట్టి, పక్కనే కెమెరామన్‌ని కూర్చోబెట్టి, బీచి రోడ్డంతా తిప్పారట. హీరోయిన్లు వెనక సీట్లో కూర్చుని ఏడ్చిన ఏడుపుల బరువు సంగతి తెలియదు గానీ, ముందు ఎక్కి కూర్చున్న కెమెరామన్ల బరువుకి మాత్రం ఆ బండి ముందు భాగం ఎప్పుడో కిందికి దిగిపోయింది. బ్రేకు వేస్తే ఆగేది, ఆగదని అనను. ఆగి, ముక్కు కిందికి వంచేది. లేచి, మళ్లీ వంచేది. మళ్లీ లేచి, మూడోసారి కాస్తంత తల ఊపి అప్పుడు స్థిమితపడేది. షాక్ అబ్జార్బర్లు పూర్తిగా పోయాయని దాని అర్థం. సినిమావాళ్లు మాత్రం ఇంకో అర్థం తీశారు.

భీమవరం వైపు రైసు మిల్లులున్న నిర్మాత ఒకాయన ఉండేవారు. హైదరాబాదులో ఆయన తొలి సినిమా ముహూర్తానికి మామగారిని పాత పరిచయం కొద్దీ పిలిచారు. ముహూర్తమంటే దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టి, పటం మీదే మొదటి షాటు తీయడం కదా. ఫిల్మ్ నగర్ స్టూడియోలో పటం పెట్టి, పూలదండ వేసి, అందరూ నిలబడి ఉన్నారు. మామగారు ఆలస్యమైందన్న కంగారులో బండిని నేరుగా అక్కడికే పోనిచ్చి బ్రేకు వేశారు. బండి పటం ముందు ఆగి, వాడుక ప్రకారం మూడుసార్లు వంగి లేచింది. "చూశారా, బండి కూడా దణ్ణం పెడుతోంది" అని ఎవరో అన్నారు. ఆ సినిమా బ్రహ్మాండంగా ఆడింది. సినిమా పోతే కథ బాగాలేదంటారు గానీ, ఆడితే కారణం కథ అని ఎవరూ అనరు. కారణం మా బండి అని తేల్చారు. అప్పటి నుంచి ఆ నిర్మాతగారి ప్రతి ముహూర్తానికీ, ఆయన్ని చూసి మరి కొందరి ముహూర్తాలకీ, ఫోను వచ్చేది. "మీరు, మీ బండీ తప్పకుండా రావాలండీ" అనేవారు.

ఆ ఫోను వస్తే మా ఇంట్లో మామగారి నడక మారిపోయేది. పట్టుపంచె ఇస్త్రీకి వెళ్లేది. బండికి స్నానం, నుదుటన బొట్టు, ముందు గ్రిల్లుకి మామిడాకులు. స్టూడియోలో ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టేవారు, శాలువా కప్పేవారు, పేరు పెట్టి పలకరించేవారు. మిగిలిన రోజుల్లో ఆయన ఫోను పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. చదివిన పేపరే మళ్లీ చదివేవారు. ఫోను ఎంతకీ మోగకపోతే మూగపోయిందేమోనని అప్పుడప్పుడు ఎత్తి చెవిన పెట్టుకుని, డయల్ టోను వినిపించాక పెట్టేసేవారు. అంతమంది అన్నం తిన్నారా లేదా అని జీవితమంతా కనుక్కున్న మనిషిని ఇప్పుడు కనుక్కునేవాళ్లు లేరు.

ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక స్టీరింగు నా చేతికొచ్చింది. మా వారు బ్యాంకులో పనిచేసేవారు, స్కూటరుకే భయపడేవారు. నేనే నేర్చుకున్నాను. మామగారు పక్క సీట్లో కూర్చుని, "భయపడకమ్మా, అది తెలిసిన బండి" అనేవారు. తెలిసిన బండే గానీ, రాను రాను ఎడమ చక్రం దగ్గర టకటకమని ఒక చప్పుడు మొదలైంది. అడిగితే అది మద్రాసు నుంచీ ఉన్న చప్పుడేనన్నారు. ఆయన దృష్టిలో మద్రాసు నుంచి వచ్చిందేదైనా మంచిదే.

పెళ్లైన చాలా ఏళ్లకి, నేనూ మావారూ ఇంక ఆ మాట ఎత్తడం మానేసిన తర్వాత, ఒక ఉదయం కాఫీ వాసన నాకు పడలేదు. మా అత్తగారు నాచేతే బండి తీయించి, వెనక సీట్లో కూర్చుని యూసుఫ్‌గూడలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నిజమేనని డాక్టరు చెప్పింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని, ఆఖరికి మీ ఆయనకి కూడా వద్దని, దిష్టి తగులుతుందని అత్తగారి ఆజ్ఞ. సరేనని ఇద్దరం ముసిముసిగా నవ్వుకుంటూ తిరిగి వస్తున్నాం. మా ఇంటికి ముందు ఒక దిగుడు ఉంది, ఇప్పుడు తారు పోసి మచ్చిక చేశారు గానీ అప్పుడు ఉత్త రాళ్ల బాట. దాని నడుమన ఎడమ చక్రం గోతిలో పడి పెద్దగా చప్పుడైంది. స్టీరింగు నా చేతుల్లోంచి గుంజుకుని, బండి బాట వదిలి బండరాళ్ల వైపు మళ్లింది. నేను తిప్పుతున్నాను, అది వినడం లేదు. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించిన కంకర గుట్ట అడ్డం వచ్చి ఆపింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఆగాక కూడా బండి తన పద్ధతి మానలేదు, కంకరకి మూడు నమస్కారాలు పెట్టింది. మా అత్తగారు రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని కూర్చున్నారు. "అమ్మాయ్, ఈ బండిలో కూర్చుంటే దేవుడికి దణ్ణం పెడదామన్నా చేతులు ఖాళీ ఉండట్లేదు" అన్నారు. ఇద్దరం నవ్వాం.

మర్నాడు టోలిచౌకి నుంచి మెకానిక్ భాయ్ వచ్చాడు. పాత బండ్లన్నిటికీ తానే హకీమునని చెప్పుకునే మనిషి. ముందు భాగం జాకీ మీద లేపి, ఎడమ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. వదులైన పన్నులా కదిలింది. కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, "సాబ్, కింగ్ పిన్ల మరలు అరిగినయ్, బుష్‌లు ఖతం, షాక్‌లల్ల నూనె చుక్క లేదు. అన్నీ మార్చాలె. లేకుంటే చక్రం పక్కకి ఒరుగుతది" అన్నాడు. మామగారు నింపాదిగా విని, "చక్రం సంగతి చూడు. ఆ వంగడం మాత్రం అలాగే ఉంచు" అన్నారు. భాయ్‌కి అర్థం కాలేదు. "వంగుడు ఉంచాల్నా? అందరు అది పోవాలని వస్తరు సాబ్" అన్నాడు. అయినా బేరం పోతుందేమోనని వెంటనే తల ఊపి, "సరే, షాక్‌లు ముట్టను, జర వంగనియ్యండి" అని ఒప్పేసుకున్నాడు.

నేనుండబట్టలేక, ఎందుకు మామయ్యగారూ, ఎలాగూ విప్పుతున్నారుగా, అంతా చేయించేద్దాం అన్నాను. ఆయన నా వంక చూడకుండా బండి వంకే చూస్తూ, "అది వంగబట్టే కదమ్మా ఆ ఫోనొచ్చేది. వంగడం మానేస్తే నన్నెవరు పిలుస్తారు?" అన్నారు. ఎప్పుడూ అలా మాట్లాడని మనిషి. ఆ షాక్‌లు అలాగే ఉండనివ్వండి, నేనే జాగ్రత్తగా నడుపుతాను అనే మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా అత్తగారు, "ఏమండీ, ఆ బండి నడిపేది ఒకళ్లు కాదు, ఇద్దరు" అన్నారు.

సినిమావాళ్ల ఇంట్లో ఉండీ ఉండీ ఆవిడకి డైలాగు ఎక్కడ వేయాలో తెలిసిపోయింది. మూడో నెల, దిష్టి, ఆజ్ఞ అన్నీ ఏమయ్యాయో మరి, టోలిచౌకి మెకానిక్ ముందే చెప్పేశారు. మామగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. ఆపరేషన్ చేసిన కన్నే కాదు, రెండో కన్ను కూడా. "అన్నీ మార్చెయ్యి భాయ్. ఏదీ ఉంచకు" అన్నారు. భాయ్ నా వైపు తిరిగి ముబారక్ చెప్పాడు. మా వారికి ఈ సంగతి మెకానిక్ తర్వాత తెలిసిందని ఆయన చాలాకాలం సాధించారు.

ఇంక మా ముంగిలి చూడాలి. ముందు చక్రాలు రెండూ లేకుండా, కట్టెదిమ్మల మీద గడ్డం ఆన్చి ల్యాండ్‌మాస్టర్ కూర్చుంది. కిరసనాయిలు పళ్లేల్లో దాని కీళ్లన్నీ నానుతున్నాయి. ఆ బండికి ముందు వైపు చుట్టల స్ప్రింగులుండవు. చక్రానికొకటి చొప్పున పొడుగాటి ఇనప కడ్డీలు కింద బారుగా పడుకుని ఉంటాయి. చక్రం లేచినప్పుడు కడ్డీ మెలి తిరుగుతుంది, దిగినప్పుడు మెలి విప్పుకుంటుంది. ఎడమ కడ్డీ ఇంక మెలి విప్పుకోలేని స్థితికి వచ్చిందని, రెండూ మార్చాల్సిందేనని తేలింది. చక్రాన్ని పట్టి ఉంచే కింగ్ పిన్ను చూపించాడు భాయ్. మరలుండాల్సిన చోట నున్నగా, దువ్వెన పళ్లు ఊడిపోయినట్టుంది. దాన్ని చేతిలో పట్టుకుంటే ఆ దిగుడు, ఆ కంకర గుట్ట మళ్లీ కళ్ల ముందుకొచ్చాయి. మామగారు కూడా దాన్ని తీసుకుని వేలితో రాసి చూశారు. లోపలికెళ్లి మంచినీళ్లు తాగి వచ్చారు.

హకీముగారు చెప్పుకున్నంత హకీమేమీ కాదు. అంబాసిడర్ సామాన్లు తెచ్చి అంతా బిగించాక కుడి చక్రం తిరగనని మొండికేసింది. ఒక పక్క మరలు కుడికీ ఇంకో పక్కవి ఎడమకీ తిరిగి ఉంటాయి, ఆయన రెండూ కలిపేశాడు. బలంగా కొట్టి చూశాడు, తిట్టి చూశాడు, చివరికి మంగళవారం మొదలుపెట్టడం వల్ల ఇలా అయిందన్నాడు. మంగళవారం వద్దని మొదటే చెప్పిన మా అత్తగారు ఈ మాటకి ఎంత సంతోషించారో చెప్పలేను. మళ్లీ అంతా విప్పించి, తనే దగ్గర కూర్చుని ఎడమవైపు సామాన్లకి కుంకుమ, కుడివైపు సామాన్లకి పసుపు పెట్టారు. ఈసారి తప్పు జరగలేదు. మా బండి ముందు చక్రాలు అలా పసుపుకుంకుమలతో గ్రీజులో మునిగాయి.

సరిగ్గా బండి కట్టెదిమ్మల మీద ఉన్నప్పుడే ఫోను వచ్చింది. మిల్లుల నిర్మాతగారే. కొత్త సినిమా ముహూర్తమట. మామగారు "తప్పకుండా వస్తామండీ" అని పెట్టేసి, ఫోను మీద చెయ్యి తీయకుండా కూర్చుండిపోయారు. వెళ్లకపోతే ఇంక పిలవరు. వెళ్తే బండి వంగదు, అప్పుడూ పిలవరు. ఆ రాత్రి ఆయన సరిగ్గా అన్నం తినలేదు. అయినా పాత షాక్‌లే మళ్లీ పెట్టించమని మాత్రం అనలేదు. దానికి ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవం.

బండి దించాక మొదటిసారి నేనే తీశాను. ఆ దిగుడు మీదికే తీసుకెళ్లాను, కావాలనే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అదే గోతిలోంచి పోనిచ్చాను. మెత్తగా దిగి మెత్తగా లేచింది. టకటక లేదు. స్టీరింగు ఇటు అంటే ఇటు, అటు అంటే అటు. కింద చదునులో బ్రేకు వేస్తే, నిలబడమన్న చోట నిలబడింది, తల వంచకుండా. ఇంజను ఆపితే ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి చప్పుడు నాకు వినిపించింది. అక్కడే, ఆ రాళ్ల మధ్య, స్టీరింగు మీద తల పెట్టుకుని హాయిగా ఏడ్చాను. ఇన్నాళ్లూ ఎంత భయంతో నడిపానో ఆ భయం పోయాక గాని నాకే తెలియలేదు.

ముహూర్తం రోజున ఫిల్మ్ నగర్‌లో అదే స్టూడియో, అదే పటం, అదే పూలదండ. మామగారు పట్టుపంచెలో నా పక్కన బిగుసుకుని కూర్చున్నారు. జనం రెండు వైపులా చీలి దారిచ్చారు. నేను బ్రేకు వేశాను. బండి పటం ముందు నిటారుగా ఆగింది. అందరూ చూస్తున్నారు. అది వంగలేదు. ఎవరో "ఇదేంటండీ" అని మెల్లగా అన్నారు. పంతులుగారు మంత్రం ఆపి వాచీ చూసుకున్నారు.

మామగారు తలుపు తీసుకుని దిగారు. కండువా సర్దుకుని, నిర్మాతగారికి నమస్కారం పెట్టి, "ఇన్నాళ్లూ అది పెట్టింది నమస్కారం కాదండీ. నడుం నొప్పి. వైద్యం చేయించాం" అన్నారు.

ముందు నవ్వింది నిర్మాతగారే, పొట్ట పట్టుకుని. దగ్గరికొచ్చి మామగారి చెయ్యి పట్టుకుని, "మంచి పని చేశారండీ బాబూ. ఆ బండి అలా ఊగినప్పుడల్లా ఎక్కడ పటం మీద పడుతుందోనని నా గుండె జారిపోయేది. చెబుదామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. మీరు అంత ముచ్చటపడి తెస్తుంటే, చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా" అన్నారు. మామగారు నిర్మాతగారి నమ్మకం కోసం బండిని వంచి ఉంచారు. నిర్మాతగారు మామగారి ముచ్చట కోసం గుండె చిక్కబట్టుకున్నారు. ఇద్దరు పెద్దమనుషుల మర్యాద మధ్య మేం అత్తాకోడళ్లం కంకర గుట్ట ఎక్కాం.

ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు మళ్లీ తొందరపెట్టారు. కెమెరా స్విచ్ నొక్కాల్సిన పెద్దమనిషి ఇంకా రాలేదు. నిర్మాతగారు చుట్టూ చూసి, "మీరే నొక్కండి" అని మామగారిని ముందుకి తోశారు. ఎంతమంది పెద్దవాళ్లనో అలా కెమెరా దగ్గరికి నడిపించిన మనిషి, తను ఎప్పుడూ నొక్కలేదట. స్విచ్ దాకా వెళ్లి, ఆగి, కెమెరామన్‌తో రహస్యంగా, "ఫిల్ము ఎక్కించారా? పటం షాటుకి దండగ కదా" అన్నారు. "ఎక్కించలేదు సార్, మీ దగ్గర నేర్చుకున్నదే" అన్నాడతను. అప్పుడు నొక్కారు. ఆ ఖాళీ కెమెరా తిరుగుతున్నంతసేపూ ఆయన ముఖం చూశాను. నాకు మరే సినిమా అంత బాగా గుర్తులేదు.

ఆ సినిమా ఆడలేదు. బండినెవరూ ఏమీ అనలేదు, కథ బాగాలేదన్నారు. ఫోను మాత్రం ఆగలేదు. ముహూర్తాలకి వచ్చేది. పాత బండి బాగుచేయించాలి, ఎవరున్నారండీ అని కూడా వచ్చేది. మామగారు టోలిచౌకి చిరునామా చెప్పి, చివర్లో "మంగళవారం మాత్రం మొదలుపెట్టకండి" అనేవారు. చలికాలంలో మాకు అమ్మాయి పుట్టింది. గుడ్డలు ఆరేయడానికి దండెం చాలడం లేదని అత్తగారు గొడవ చేస్తే, మామగారు షెడ్డులోంచి బండికి విప్పేసిన ఆ పాత ఎడమ కడ్డీ తీసుకొచ్చి, గ్రీజు మరక తుడిచి, తన చేత్తోనే వెనక వరండాలో కొక్కేలకి తగిలించారు. రెండు మూడు ఊళ్ల దూరం నుంచి చూసినా కనిపించేటన్ని తెల్లటి గుడ్డలు దాని మీద ఎండాయి.

కారు తొంభైల్లో ఒక పాత కార్ల పిచ్చాయన తీసుకెళ్లాడు. మామగారు, అత్తగారు ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. అమ్మాయి ఇప్పుడు ఫిల్మ్ నగర్ నుంచి తన కారులో ఆ దిగుడు దిగి వస్తుంది, అక్కడొక దిగుడుందని కూడా తెలియకుండా. సాయంత్రం పెయింటరు నేను చెప్పినట్టే కడ్డీ చుట్టూ రంగు వేసి వెళ్లాడు. తడి తువ్వాలు తీసుకెళ్లి దాని మీద ఆరేశాను. బరువు మోసే పని నుంచి దింపేశాక కూడా కాలం కొందరిని, కొన్నిటిని పారేయదు. ఇంకో కొక్కేనికి తగిలించి, తేలికైన పని ఏదో ఒకటి అప్పజెబుతుంది.